వంచేసే జ్వరం

కాకినాడ దగ్గర ఒక ఊరినుంచి ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి మాకు ఉత్తరం రాసింది. ఉత్తరం నిండా ఫిర్యాదులే!

"మా అమ్మమ్మకు పోయిన వానాకాలంలో చికెన్‌గున్యా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గాని, మూడు నెలలైనా కీళ్ళ నొప్పులు పోలేదు. పచ్చడి జాడీ మూత తియ్యలేదు. నాకు జడ వేస్తూ వేళ్ళు వంగక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. మా అమ్మమ్మ కోడికూర వండిపెడుతుందే గాని, పుట్టి బుద్ధెరిగి తను ముట్టలేదు. రాత్రిళ్ళు దోమతెర లేనిదే పడుకోదు. మా తాతయ్యకు డెబ్భై ఏళ్ళు. ఆదివారంనాడు కోడికూర లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. తెరా గిరా లేకుండా అరుగుమీద పడుకుంటాడు. అయినా ఆయనకు ఏమీ రాలేదు. ఇదేం న్యాయం?"

న్యాయం సంగతి మేము చెప్పలేము గాని, ఈ అమ్మాయి మంచి ప్రశ్నలే వేసింది. ఆ ప్రశ్నలతో ఈ నెల ఈ పేజీ నిండిపోతుంది. ఆకాశంలో నక్షత్రాల రంగుల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఆగాలి.

ముందుగా కోడిని విడిపిద్దాం. పాపం, దానికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. జబ్బు పేరు చికెన్‌గున్యా కాదు, చికున్‌గున్యా. 2006లో ఈ జ్వరం మన ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసినప్పుడు, పేరు విని అది కోళ్ళ వల్ల వచ్చిందేమోనని భయపడినవాళ్ళు చాలామంది. అదే సంవత్సరం మహారాష్ట్రలో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ అనే వేరే జబ్బు వచ్చింది గనక, ఆ అనుమానానికి ఊతం కూడా దొరికి ఉంటుంది.

అసలు ఆ మాట ఆఫ్రికాలోని మకొండే ప్రజల భాషలోది. ఇప్పుడు మనం టాంజానియా అంటున్న దేశాన్ని ఆ రోజుల్లో టాంగన్యీకా అనేవారు. దాని దక్షిణపు కొసన మకొండే పీఠభూమి ఉన్నది. 1952లో అక్కడ ఒక వింత జ్వరం బయలుదేరింది. పొద్దున బాగానే తిరుగుతున్న మనిషి మధ్యాహ్నానికల్లా ఒళ్ళు కాలిపోతూ కూలబడేవాడు. చీలమండలు, మోకాళ్ళు, మణికట్లు, వేళ్ళ కణుపులు, ఎక్కడ కీలు ఉంటే అక్కడ పోటు. నిటారుగా నిలబడలేక మనిషి వంగిపోయేవాడు. అందుచేత అక్కడివాళ్ళు దాన్ని చికున్‌గున్యా అన్నారు. వంచేసేది అని దాని అర్థం. డాక్టర్లు పెట్టే పేర్లు సాధారణంగా నోరు తిరగనివిగా ఉంటాయి. ఇది మాత్రం నొప్పి అనుభవించినవాళ్ళు పెట్టిన పేరు. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మను చూస్తే మకొండేవాళ్ళు ఇంకేమీ చెప్పకుండానే ఆవిడ జబ్బేమిటో పోల్చుకుని ఉండేవాళ్ళు.

1953లో రాస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక రోగి రక్తంలోనుంచి ఈ జబ్బు తెచ్చే వైరసును వేరు చేశాడు. 1897లో మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ వేరు, ఈయన వేరు. దోమలకూ రాస్‌లకూ ఏదో లంకె ఉన్నట్టున్నది!

మకొండే పీఠభూమి గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. అక్కడ నీళ్ళకు కటకట. ఆడవాళ్ళు ఎంతో దూరం నడిచి నీళ్ళు తెచ్చి ఇళ్ళలో దాచుకునేవాళ్ళు. ఈ మాట మరచిపోకండి, ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఇంతకూ వైరసు అంటే ఏమిటి? ప్రాణం ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య గడపమీద నిలబడినటువంటిది. దానికి నోరు లేదు, కడుపు లేదు, ఊపిరి లేదు. చికున్‌గున్యా వైరసులను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక మిల్లీమీటరు పొడవు రావటానికి దాదాపు 14,000 కావాలి. పైన ఒక గుండ్రని పెంకు, లోపల ఒక చీటీ, అంతే దాని ఆస్తి! ఆ చీటీ నాలుగే నాలుగు రకాల అక్షరాలతో రాసి ఉంటుంది. మొత్తం సుమారు 11,800 అక్షరాలు. "నా వంటివాటిని తయారుచెయ్యి" అని దాని సారాంశం. మన శరీరం కోటానుకోట్ల కణాలతో తయారయింది గదా. వైరసు ఒక కణంలో జొరబడి చీటీ విప్పిందంటే, ఆ కణం అది తన యజమాని ఆజ్ఞే అనుకుని తన పని మానేసి వైరసులను తయారుచెయ్యటం మొదలుపెడుతుంది. అవి బయటికి వచ్చి పక్క కణాల మీద పడతాయి. రెండు మూడు రోజుల్లో రక్తం నిండా అవే.

అయితే వైరసు ఒక మనిషి రక్తంలోనుంచి ఇంకొక మనిషి రక్తంలోకి తనంతట తాను పోలేదు. దానికి కాళ్ళు లేవు, రెక్కలూ లేవు. దగ్గితే, తాకితే, ఒకే కంచంలో తింటే ఈ జబ్బు అంటదు. అందుకే దానికి దోమ కావాలి. అది కూడా ఏ దోమ పడితే ఆ దోమ కాదు.

ఈ దోమ పేరు ఏడిస్. ఒళ్ళు నల్లగా ఉంటుంది. కాళ్ళకు పట్టీలు పెట్టుకున్నట్టు తెల్లని చారలుంటాయి. మన ఇళ్ళలో తిరిగే రకానికి వీపుమీద రెండు కొడవళ్ళు ఎదురెదురుగా పెట్టినట్టు తెల్లని గీతలుంటాయి. దీనికి తమ్ముడివంటి రకం ఇంకొకటి ఉన్నది, దాన్ని పులిదోమ అంటారు. దాని వీపుమీద ఒక్కటే గీత. అది తోటల్లో, పొదల్లో ఎక్కువగా తిరుగుతుంది. రెండింటిలోనూ కుట్టేది ఆడదే. మగదోమ పూలతేనె తాగి బతికే సాధువు. ఆడదానికి గుడ్లు పెట్టటానికి మన రక్తంలోని మాంసకృత్తులు కావాలి గనక అది మన మీదికి వస్తుంది.

ఇక తెర సంగతి. ఈ దోమ పగటి దొంగ! తెల్లవారిన తరువాత ఒక దఫా, పొద్దుగూకేముందు ఇంకొక దఫా ఎక్కువగా కుడుతుంది. చెవి దగ్గర పాట పాడి మనల్ని లేపదు. చడీ చప్పుడు లేకుండా కాళ్ళ దగ్గర చేరుతుంది. అమ్మమ్మ రాత్రి తెరలో భద్రంగా పడుకుని, పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నదనుకోండి. చీలమండ దగ్గర చిన్న చురుక్కు. ఆవిడ చేత్తో తోలేసి మళ్ళీ బియ్యం ఏరుకుంటుంది. మూడు రోజుల నుంచి వారం లోపల జ్వరం! రాత్రి తెర వల్ల లాభం లేదని మాత్రం అనుకోవద్దు. మలేరియా దోమలూ, బోదకాలు తెచ్చే దోమలూ రాత్రిపూటే వస్తాయి.

ఆ కుట్టిన దోమకు వైరసు ఎక్కడిది? చాలామంది దోమ మురికిలో పుట్టింది గనక విషం దానిలోనే ఉంటుందని అనుకుంటారు. అది పొరపాటు. గుడ్డులోనుంచి వచ్చిన దోమలో సాధారణంగా ఈ వైరసు ఉండదు. జ్వరంతో ఉన్న మనిషిని కుట్టినప్పుడే దానికి అంటుతుంది. అంటే, మనకు దోమ జబ్బు అంటించిందని మనం అనుకుంటాం గాని, దోమకు ముందు అంటించినది మనిషే!

అంటుకున్న తరువాత కూడా అది వెంటనే రెండోవాళ్ళకు ఇవ్వలేదు. తాగిన రక్తం దోమ కడుపులోకి పోతుంది. మామూలుగా అక్కడ అరిగిపోవలసిందే. ఎన్నో జబ్బుల క్రిములు దోమ కడుపులో అట్లాగే చచ్చిపోతాయి. చికున్‌గున్యా వైరసు దగ్గర మాత్రం ఆ కడుపు గోడకు సరిపోయే తాళంచెవి ఉన్నది. గోడ కణాల్లో దూరి, అక్కడ పిల్లల్ని పెంచి, అవతలి వైపుకు తేలుతుంది. అక్కడినుంచి దోమ ఒళ్ళంతా పాకి, చివరకు దాని లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. ఇందుకు కొద్ది రోజులు, ఒక్కొక్కప్పుడు వారం పది రోజులు పడుతుంది. దోమ కుట్టేటప్పుడు మన రక్తం గడ్డకట్టకుండా ముందుగా తన ఉమ్మిని లోపలికి పోస్తుంది. ఆ ఉమ్మితో పాటు వైరసు కూడా వచ్చేస్తుంది. చిత్రమేమంటే, దోమకు జ్వరమూ లేదు, కీళ్ళ నొప్పులూ లేవు. బతికినన్నాళ్ళు, అంటే రెండు మూడు వారాలో ఒక నెలో, వైరసును మోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఈ దోమ పుట్టినచోటి నుంచి మహా ఎగిరితే కొన్ని వందల గజాలు పోతుంది. ఒక వీధి దాటితే గొప్ప. మరి వైరసు దేశాలు ఎట్లా దాటింది?

2004లో ఇది ఆఫ్రికా తూర్పు తీరాన కెన్యాలో లేచింది. 2005లో హిందూ మహాసముద్రంలోని కొమొరో దీవులకూ, రీయూనియన్ అనే దీవికీ పాకింది. రీయూనియన్ జనాభా ఏడున్నర లక్షల పైచిలుకు. అందులో మూడోవంతు మంది 2006 లోపల జ్వరాన పడ్డారు. ఆ దీవిలో ఇళ్ళ దోమ తక్కువ, పులిదోమ ఎక్కువ. ఈ వైరసుకు పులిదోమ కడుపు అంత బాగా పడదు. అయినా అంతమందికి ఎట్లా వచ్చింది?

శాస్త్రజ్ఞులు వైరసు చీటీని అక్షరం అక్షరం చదివి చూశారు. వైరసు తన చీటీకి నకళ్ళు రాయించుకునేటప్పుడు తప్పులు దొర్లుతూ ఉంటాయి. మీరు కాపీరాత తొందరగా రాస్తే "పాలు" అనేది "పాము" అయిపోదూ? అట్లాంటి తప్పుల్లో చాలా భాగం వైరసుకే చేటు. కాని ఈసారి దొర్లిన ఒకానొక తప్పు దానికి కలిసివచ్చింది. 11,800 అక్షరాల్లో ఒక్క అక్షరం మారేసరికి, వైరసు పైపెంకులో ఒక చిన్న ముక్క మారి, పులిదోమ కడుపు గోడ తలుపు తేలిగ్గా తెరుచుకున్నది! ఎవరూ ఆలోచించి చేసినది కాదు. కోట్ల నకళ్ళలో ఒకటి అట్లా పడింది, పడినది నిలిచింది.

2005 చివరకు వైరసు మన దేశానికి వచ్చింది. మొదట పడిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి తెలంగాణ కూడా ఇందులోనే ఉండేది. తరువాత కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, కేరళ. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల మందికి ఈ జ్వరం వచ్చినట్టు లెక్క తేలింది. మీ అమ్మనూ నాన్ననూ అడిగితే, గోడలు పట్టుకుని నడిచిన ఆ రోజులు చెపుతారు.

మరుసటి ఏడు, 2007 వేసవిలో, కేరళనుంచి ఒక మనిషి బంధువులను చూడటానికి ఇటలీ పోయాడు. పోయాక ఆయనకు జ్వరం వచ్చింది. అక్కడ నది పక్కన ఉన్న ఒక చిన్న పల్లె. అంతకు పూర్వమే, 1990లో, పాత టైర్లతోపాటు ఓడల్లో ఇటలీకి చేరిన పులిదోమలు అప్పటికి ఆ ప్రాంతమంతా సంసారాలు పెట్టుకుని ఉన్నాయి. ఆయనను కుట్టిన దోమలు ఇరుగుపొరుగును కుట్టాయి. ఆ చుట్టుపక్కల 200 మందికి పైగా జబ్బుపడ్డారు. అంతకు ముందు ఐరోపాలో ఈ జబ్బు అక్కడి దోమల ద్వారా ఎన్నడూ పాకలేదు. ఆ మనిషి తప్పేమీ లేదు. తన రక్తంలో ఏమున్నదో ఆయనకు మాత్రం ఏం తెలుసు?

చూశారా, వైరసుకు దోమ వీధి దాటించే తెప్ప మాత్రమే. సముద్రం దాటించే ఓడలు మనమే.

జ్వరం వచ్చిన మొదటి వారమే రోగి రక్తంలో వైరసు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లోనే దోమ కుట్టకూడదు. మనం చేసేదేమిటి? "జ్వరం వచ్చేసింది గదా, ఇంకా తెర ఎందుకు?" అని తీసేస్తాము. అమ్మమ్మకు పట్టపగలు తెర కట్టవలసింది అప్పుడే. ఆ తెర అమ్మమ్మ కోసం కాదు, ఆవిడ మంచం పక్కన కూర్చుని లెక్కలు చేసుకునే మనమరాలి కోసం, పక్కింటి చంటిపిల్లవాడి కోసం.

ఈ వైరసును చంపే మందు లేదు. విశ్రాంతి, మంచినీళ్ళు, గంజి, జ్వరానికి డాక్టరు ఇచ్చే పారాసెటమాల్, అంతే. మొదటి రోజుల్లో డెంగూ జ్వరం కూడా అచ్చం ఇట్లాగే ఉంటుంది. అది డెంగూ అయితే కొన్ని నొప్పుల మాత్రలు రక్తం కారేటట్టు చేస్తాయి. కనక అంగట్లో తోచిన మాత్ర కొని మింగటం ప్రమాదం. ఈ మాట తల్లిదండ్రులకు.

ఇప్పుడు ఆ మకొండేవాళ్ళ నీళ్ళు జ్ఞాపకం తెచ్చుకోండి. ఏడిస్ దోమకు మురుగు కాలవ పనికిరాదు. మనలాగే దానికీ మంచినీళ్ళు కావాలి. నీళ్ళకు కటకటైన చోట జనం నీళ్ళు దాస్తారు, దాచిన చోటల్లా ఈ దోమ పుడుతుంది. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్ళో సిమెంటు గాబు, ప్లాస్టిక్ డ్రమ్ము, మూతలేని బిందె, పూలకుండీ కింద పళ్ళెం, కూలరు అడుగు, అన్నీ దానికి పురుటిళ్ళే. మిక్సీ వచ్చిన తరువాత పెరట్లో దిక్కులేకుండా పడి ఉన్న రుబ్బురోలు ఉన్నది చూశారూ, వాన పడితే దాని గుంటలో నిలిచే నీళ్ళు చాలు ఒక వీధికి సరిపడ్డ దోమలకు!

దీని తెలివి ఇంకొకటి ఉన్నది. ఇది గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటిమట్టానికి కాస్త పైన తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటే అంటిస్తుంది. అవి పెన్సిలు మొనతో పెట్టిన చుక్కల్లా నల్లగా ఉంటాయి, ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా ఉండదు. గాబు ఎండిపోయినా అవి చావవు. నెలల తరబడి గోడకే పట్టుకుని ఉంటాయి. మళ్ళీ నీళ్ళు వచ్చి వాటిని తాకగానే, తోకతో ఊపిరి పీల్చుకుంటూ తలకిందులుగా వేలాడే పురుగులు బయటికి వస్తాయి. ఎండాకాలమంతా లేని దోమలు తొలకరి పడిన పది రోజులకు ఎక్కడినుంచి వస్తాయో తెలిసింది గదా? గాబులో నీళ్ళు ఒంపేసినంత మాత్రాన లాభం లేదు. కొబ్బరిపీచుతో గోడను గట్టిగా రుద్దితేనే గుడ్లు ఊడతాయి. గుడ్డు దోమ కావటానికి వారం పది రోజులు పడుతుంది గనక, వారానికొకసారి రుద్దితే చాలు. ఒక్కసారి ఖాళీ గాబు గోడను భూతద్దం పెట్టి చూడండి. మేము చూశాము. చూసిన తరువాత పీచు తేవటానికి ఎవరూ మాకు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఇక మిగిలింది తాతయ్య. దీనికి చాలా ఏళ్ళు వెనక్కి పోవాలి.

2005లో వచ్చినది ఈ జబ్బుకు మన దేశంలో మొదటి రాక కాదు. 1963లో కలకత్తాలో ఇది పెద్దగా వచ్చింది. 1964లో మద్రాసు. 1965లో మన విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ! 1973లో మహారాష్ట్రలో బార్సీ అనే ఊళ్ళో కనబడి, ఆ పైన ముప్ఫై ఏళ్ళకు పైగా జాడ లేదు. జనం దాన్ని మరచిపోయారు. శరీరం మాత్రం మరచిపోలేదు. ఈ జ్వరం ఒకసారి వచ్చి తగ్గితే, దాన్ని ఎదిరించే పదార్థాలు రక్తంలో చాలా ఏళ్ళు నిలుస్తాయి. అందుచేత రెండోసారి రావటం చాలా అరుదు. 1990 తరువాత కలకత్తాలో జనం రక్తం పరీక్షిస్తే, పెద్ద వయసువాళ్ళలో ఆ పాత జ్వరం గుర్తులు కనిపించాయి. పిల్లల్లో, పడుచువాళ్ళలో లేవు. వాళ్ళు పుట్టేసరికి జబ్బు వెళ్ళిపోయింది మరి! ముప్ఫై ఏళ్ళలో ఆ జ్వరం ఎరగనివాళ్ళతో దేశం నిండిపోయింది. అందుకే 2006లో వైరసు అంత సులువుగా చెలరేగింది.

అమ్మాయీ, నీ తాతయ్యకు ఇప్పుడు డెబ్భై ఏళ్ళంటే, 1965లో ఆయనకు తొమ్మిదో పదో ఉంటాయి. అప్పుడు కాకినాడలోనే ఉన్నాడా? బడి మానేసి, కాళ్ళు పట్టేసి మంచాన పడుకున్నాడా? వీధిలో పెద్దవాళ్ళు వంగి నడవటం ఏమైనా గుర్తున్నదా? సాయంత్రం అరుగుమీద కూర్చున్నప్పుడు అడుగు. ఆయనకు గుర్తు లేకపోవచ్చు, పిల్లల్లో కొందరికి ఇది తేలిగ్గా వచ్చి పోతుంది. ఆయనను అసలు ఏ చెడ్డ దోమా కుట్టకపోయి ఉండనూ వచ్చు. రక్తం పరీక్ష చేస్తే తప్ప ఎవరూ రూఢిగా చెప్పలేరు. అమ్మమ్మ పుట్టినిల్లు ఎక్కడో కూడా కనుక్కో, అది నువ్వు రాయలేదు.

ఆవిడ వేళ్ళ సంగతికి వస్తే, చాలామందికి ఈ నొప్పులు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గుతాయి. పెద్దవాళ్ళకు కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి మెల్లగా వేళ్ళు ముడుస్తూ చాపుతూ ఉంటే కొంత హాయిగా ఉంటుంది. డాక్టరుగారిని ఇంకొకసారి చూడటం కూడా మంచిది. తాతయ్య ఏం చెప్పాడో మాకు రాయి. అమ్మమ్మ నీ జడ మళ్ళీ బిగించి అల్లిననాడు ఇంకొక కార్డు ముక్క రాయి.